మాటలు నేర్పే పనికి జీతమెంత?

అంగన్‌వాడీ అన్న మాట మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఆ పేరు ఎవరు పెట్టారని అడగాలని కూడా తోచదు. సర్కారు వాళ్ళు ఏదో ఫైల్లో రాసుకున్న పేరే అనుకుంటాం. కానీ 1940ల్లో, అప్పటి బొంబాయి రాష్ట్రంలో సముద్రం పక్కనున్న బోర్డీ అనే ఊళ్ళో తారాబాయి మోదక్ పెట్టిన పేరది. 'అంగన్' అంటే ముంగిలి. ఊళ్ళో నడిపే బాలవాడీకి దళిత, ఆదివాసీ వాడల పిల్లలు రాలేదు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చంకనేసుకుని తిరిగే పిల్లలు, మేకల వెంట పోయే పిల్లలు ఎలా వస్తారు? వాళ్ళు రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాలి అనుకున్నారు తారాబాయి. అలా ముంగిట్లో పెట్టిన బడి అంగన్‌వాడీ అయింది.

ఈ చరిత్ర చెప్పాలని కూర్చున్నది ఒక చిన్న ప్రశ్న కోసం. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి మాట నేర్పడం, అంటే వాళ్ళతో మాట్లాడటం, వాళ్ళు చెప్పేది వినడం, ఇంకో మాట అందించడం, పని కిందికి వస్తుందా రాదా? వస్తే దానికి లెక్క ఎక్కడుంది? నేను పిల్లల భాష గురించి పాఠాలు చెబుతూ చాలా ఏళ్ళు గడిపాను. అంగన్‌వాడీ టీచర్ల శిక్షణ తరగతుల్లోనూ అప్పుడప్పుడు కూర్చున్నాను. పోషకాహారం మీద గంటలు గంటలు మాట్లాడతారు. మాట గురించి మాత్రం "పిల్లలకు పాటలు, కథలు చెప్పవలెను" అని ఒక వాక్యం ఉంటుంది. 'వలెను' అన్న దగ్గరే ఆ పాఠం అయిపోతుంది.

బోర్డీకి ముందు భావనగర్ ఉంది. 1892లో బొంబాయిలో పుట్టిన తారాబాయి, ఆ కాలంలో అరుదుగా బి.ఎ. చదివిన స్త్రీ. భర్త నుంచి విడిపోయాక, 1923లో గుజరాత్‌లోని భావనగర్ వెళ్ళారు. అక్కడ గిజుభాయి బధేకా 1920లో బాలమందిర్ ప్రారంభించి ఉన్నారు. ఆయన వకీలు పని మానేసి పిల్లల దగ్గరికొచ్చిన మనిషి. ఆయన రాసిన 'దివాస్వప్న'ని తెలుగులో 'పగటికల'గా మనలో చాలామంది చదివే ఉంటారు. అందులో నాలుగో తరగతికి కొత్తగా వచ్చిన టీచరు మొదటిరోజు మాంటిస్సోరి పద్ధతిలో మౌనం ఆట ఆడిద్దామని చూస్తాడు. పిల్లలు గోలగోల చేసేస్తారు. మర్నాడు కథ మొదలెడతాడు. అంతే, పిల్లలు కదలరు. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ చిన్న ఓటమే. దిగుమతి చేసుకున్న పద్ధతి పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టాలనుకుంది. ఇక్కడి పిల్లలు మాటతోనే దారికొచ్చారు.

గిజుభాయిని అక్కడి జనం ప్రేమగా 'మూఛాళీ మా' అన్నారు. మీసాలున్న అమ్మ అని. ఆయన దానికి అర్హుడే, సందేహం లేదు. కానీ ఈ బిరుదు దగ్గర ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. మగవాడు పిల్లలకి కథలు చెబితే బిరుదు వస్తుంది. అదే పని ఆడవాళ్ళు చేస్తే 'అది వాళ్ళకి పుట్టుకతో వచ్చిందేగా' అంటారు.

1926లో గిజుభాయి, తారాబాయి కలిసి నూతన్ బాల్ శిక్షణ్ సంఘ్ స్థాపించారు. 1945లో బోర్డీలో తారాబాయికి అనుతాయి వాఘ్ తోడయ్యారు. 1910లో పుట్టిన అనుతాయికి పదమూడేళ్ళకి పెళ్ళి చేశారు. కొద్ది నెలలకే భర్త పోయాడు. ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూ చదువుకున్న మనిషి. 1957లో ఇద్దరూ కోస్‌బాడ్ కొండమీదికి, వార్లీ ఆదివాసుల మధ్యకి మకాం మార్చారు. 1973లో తారాబాయి, 1992లో అనుతాయి కన్నుమూశారు. ఇద్దరికీ పద్మ పురస్కారాలు వచ్చాయి. ఆ సంగతి అలా ఉంచి ఇంకోటి చూడండి. ఒకరు భర్తని వదిలి వచ్చిన స్త్రీ, ఇంకొకరు బాలవితంతువు. లోకం దృష్టిలో 'ఇల్లు' లేని ఇద్దరు ఆడవాళ్ళు ఈ దేశానికి ముంగిలి బడి ఇచ్చారు. పసిపిల్లల పని మాతృత్వం నుంచి దానంతటదే పొంగుకొస్తుందనేవాళ్ళు ఈ ఇద్దరి బతుకుల్ని చదవాలి. వాళ్ళు అది నేర్చుకున్నారు, రాసుకున్నారు, మార్చుకున్నారు. తారాబాయి 'శిక్షణ్ పత్రిక' నడిపి మరీ తమ అనుభవాన్ని శాస్త్రంగా నిలబెట్టే ప్రయత్నం చేశారు.

కోస్‌బాడ్‌లో వాళ్ళు చేసిందాన్ని భాష వైపు నుంచి చూస్తే రెండు విషయాలు నన్ను ఆకట్టుకుంటాయి. ఖరీదైన మాంటిస్సోరి సామాను స్థానంలో గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళు వాడారు. డబ్బు ఆదా కోసమని మనం అనుకుంటాం. అదొక్కటే కాదు. తెలిసిన వస్తువు చేతిలో ఉంటే పిల్లకి దాని గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. నున్నటి చెక్క స్తంభం గురించి మూడేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? అదే ఇప్పగింజ అయితే అమ్మతో తెల్లవారుజామున అడవికి వెళ్ళడం నుంచి మొదలుపెడుతుంది. రెండోది, పశువుల్ని మేపే పిల్లల కోసం పచ్చికబయలు బడి పెట్టారు. బడి ఒక గది కాకపోయినా ఫరవాలేదు, మాట్లాడే మనిషి అక్కడ ఉండాలి అన్నది వాళ్ళు పట్టుకున్న సూత్రం.

ఇదే కాలంలో మరియా మాంటిస్సోరి కూడా మన పక్కనే ఉన్నారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఉండిపోయారు. ఆమె మొదటి కోర్సుకి దేశం నలుమూలల నుంచి దాదాపు 300 మంది వచ్చారు. పసితనంలో భాషని మనసు ఎలా పీల్చుకుంటుందో చెప్పిన ఆమె పుస్తకం 1949లో అడయారు నుంచే వెలువడింది. అంత గొప్ప ఆలోచనా మన పట్టణాల్లో చివరికి ఇంగ్లీషు మీడియం నర్సరీల బోర్డుల మీద ఒక పేరుగా మిగలడం చరిత్ర చేసిన వేళాకోళం.

తెలుగు నేల మీద ఈ కథకి వేరే పాయలున్నాయి. గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాష కోసం పోరాడిన పండితుడిగా తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు తయారుచేసిన సంగతి అంతగా తలుచుకోం. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే వాదన. పిల్ల నోట్లో ఉన్న భాషకి బళ్ళో చోటుండాలి. తెలుగు పిల్లల విషయంలో ఆయన వాదన గెలిచింది, సవర పిల్లల విషయంలో వందేళ్ళు పక్కన పడుంది.

ఇంకో పాయ రేడియో. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసులో, తర్వాత హైదరాబాదులో పిల్లల చేత మైకు ముందు మాట్లాడించారు. తొణుకుతూ, తడబడుతూ పిల్లలు తమ గొంతుతో తాము మాట్లాడటం తెలుగు ఇళ్ళు విన్నది అక్కడే. ఇంట్లో పెద్దల ముందు నోరెత్తని ఆడపిల్లలు ఎందరో అక్కడ మాట్లాడారు. అన్నయ్య మీద వ్యాసాలు దొరుకుతాయి. అక్కయ్య పేరు ఆ వ్యాసాల్లో 'సతీమణి' అన్న మాట పక్కన దొరుకుతుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలంలో స్వచ్ఛంద సంస్థల ద్వారా బాలవాడీలు పల్లెలకి చేరాయి. అప్పటిదాకా ఈ పని కొందరు స్త్రీల పట్టుదల మీద నడిచింది.

1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలైంది. తారాబాయి పెట్టిన పేరుని ప్రభుత్వం తీసుకుంది. ఆరు సేవలు చెప్పారు. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. ఈ ఆరింటిలో అయిదింటిని కొలవొచ్చు. గుడ్లు లెక్కపెట్టొచ్చు, పిల్లని తూకం వెయ్యొచ్చు, సూదిమందుకి ఒక టిక్కు పెట్టొచ్చు. ఆరోదాన్ని ఎలా కొలవాలి? ఒక పిల్ల ఈవేళ 'ఎందుకు' అని మొదటిసారి అడిగిందని రాసుకోవడానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. ఒక దశలో రిజిస్టర్లే పదకొండు. గడి లేని పని చెయ్యకపోయినా ఎవరూ అడగరు. చేసినా ఎవరూ చూడరు.

తిండి ముఖ్యం కాదని అనడం లేదు. ఆకలి కడుపుతో ఎవరూ కథ వినరు. తిండీ మాటా ఒకే చేతుల్లో పెట్టి, తిండికి మాత్రమే లెక్క అడగడం గురించి నేను మాట్లాడుతున్నాను.

ఆ పథకంలో ఒక గొప్ప సంగతి కూడా ఉంది. టీచరు ఆ ఊరి ఆడమనిషే అయివుండాలన్నారు. పథకం రాసినవాళ్ళు భాష గురించి ఆలోచించి అలా పెట్టారనుకోను. తక్కువ డబ్బుకి వచ్చేది ఊరి మనిషే. కానీ దానివల్ల ఈ దేశంలో లక్షలాది పసిపిల్లలకి మొదటి టీచరు తమ యాసలో మాట్లాడే మనిషి అయింది. పెద్ద బళ్ళో అలా జరగదు. అక్కడ 'బువ్వ తింటున్న' అన్న పిల్లని 'అన్నం తింటున్నాను అనాలి' అని సరిదిద్దుతారు. రెండు మూడుసార్లు సరిదిద్దాక ఆ పిల్ల వాక్యం మారదు, ఊరికే నోరు మూసుకుంటుంది.

పాలమూరు వైపు ఒక సెంటర్లో నేను చూసింది చెబుతాను. ముందు గదిలో టీచరు తల వంచుకుని రిజిస్టర్లు నింపుతోంది, మర్నాడు సూపర్‌వైజర్ వస్తుందట. వెనక వంట మూలలో ఆయా చేటలో బియ్యం ఏరుతోంది. ముగ్గురు పిల్లలు ఆమెని ఆనుకుని కూర్చున్నారు. ఆమె ఒక రాయి తీసి చూపించింది. "ఇగ చూడు, ఎంత నున్నగున్నదో. ఇది బియ్యంలకు ఏడికెళ్ళి వచ్చిందే?"

"వాగులకెళ్ళి" అంది నాలుగేళ్ళ పిల్ల.

"వాగుల ఉన్నది బియ్యంలకెట్ల దునికింది మరి?"

పిల్ల కాసేపు ఆలోచించింది. ఆయా చెయ్యి ఆపి ఎదురుచూసింది. "లారీ ఎక్కింది."

"అవునా! మరి టికెట్టు?"

"మా బాపుదే లారీ. రాళ్ళకు టికెట్టు లేదు."

పక్కనున్న పిల్లవాడు, మీ బాపు లారీ నడపడు, మూటలు మోస్తాడు అని వాదం పెట్టుకున్నాడు. మూటలెక్కించేవాడు లారీలోనే పోతాడా పోడా అన్నదాకా వెళ్ళింది. అయిదు నిమిషాల్లో ఆ పిల్లలు కారణం చెప్పారు, కథ అల్లారు, ఎదుటివాడి మాటని ఖండించారు. ఇంతలో టీచరు కేకేసింది. అందరూ గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని వరసగా నిలబడి, నా కోసం, ఒక ఇంగ్లీషు రైమ్ అప్పజెప్పారు. రాళ్ళకి టికెట్టు లేదన్న పిల్ల పెదాలు కదలలేదు.

ఆ టీచర్ని తప్పుపట్టడం చాలా తేలిక. బయటి నుంచి వచ్చినవాళ్ళు చూస్తామని అడిగేది రైమే. బియ్యం ఏరుతూ చెప్పుకున్న కబుర్లు ఎవరు అడిగారు?

నేను అక్కడ చూసినదానికి చాలా దూరం నుంచి ఒక సాక్ష్యం ఉంది. బ్రిటన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ నాలుగేళ్ళ ఆడపిల్లలు 30 మంది మాటల్ని నర్సరీలోనూ ఇంట్లో తల్లి దగ్గరా రికార్డు చేసి, 1984లో పుస్తకం తెచ్చారు. సగం మంది కార్మిక కుటుంబాల పిల్లలు. నర్సరీలో శిక్షణ పొందిన టీచర్లు, బొమ్మలు, పుస్తకాలు అన్నీ ఉన్నాయి. అయినా లోతైన సంభాషణలు జరిగింది ఇంట్లోనే, కార్మిక తల్లుల ఇళ్ళలో కూడా. కిటికీలు తుడిచేవాడికి డబ్బులెందుకివ్వాలి అని మొదలైన ఒక పిల్ల ప్రశ్న ఎవరు ఎవరికి ఇస్తారు, ఎందుకిస్తారు అన్నంతవరకూ పోతుంది. అదే పిల్లలు నర్సరీలో చాలా తక్కువ ప్రశ్నలు అడిగారు. అక్కడ ప్రశ్నలు టీచరువి. 'ఇది ఏ రంగు?' 'ఎరుపు.' 'గుడ్.' జవాబు ముందే తెలిసిన మనిషి అడిగే ప్రశ్నతో మాట ముందుకి పోదు. రాయి బియ్యంలోకి ఎలా దూకిందో ఆయాకీ తెలియదు, అందుకే అది సాగింది.

టిజార్డ్ పుస్తకం మన దగ్గర పెద్దగా చర్చకి రాలేదు. ప్రపంచమంతా తిరిగింది ఇంకోటి. 1995లో అమెరికాలో హార్ట్, రిస్లీ అనే ఇద్దరు కాన్సస్‌లో 42 కుటుంబాలని చూసి, పేదింటి పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి మూడు కోట్ల మాటలు తక్కువ విని ఉంటారని లెక్కగట్టారు. ఆ అంకె దేశదేశాల శిక్షణ పుస్తకాలకి ఎక్కింది. 2018లో వేరే పరిశోధకులు మళ్ళీ చూస్తే ఆ తేడా అలా కనిపించలేదు. పక్కింటివాళ్ళు, అవ్వలు, అక్కలు పిల్లల చుట్టూ మాట్లాడే మాటల్ని పాత లెక్క పట్టించుకోలేదని తేలింది. ఈ అంకెల తగువు నిపుణులకి వదిలేద్దాం. 'మాటలు తక్కువ' అనగానే వేలు ఎవరి వైపు లేస్తుందో మాత్రం చూడండి. పత్తి ఏరడానికి పొద్దున్నే పోయి దీపాల వేళకి వచ్చే తల్లి వైపు. ఆమె కూలి గురించి, ఆమె పొద్దున పిల్లని వదిలి వెళ్ళాల్సిన చోటు ఎలా ఉండాలన్న దాని గురించి మాట ఉండదు.

ఇంటి భాష వేరైన చోట సంగతి ఇంకా గట్టిగా తగులుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. గిడుగు తర్వాత వందేళ్ళకి జరిగిన మంచి పని. కానీ అది ఒకటో తరగతి నుంచి మొదలైంది. పిల్లల మాట పూత పట్టేది అంతకు మూడేళ్ళ ముందు.

ఇక ఇంగ్లీషు. 2019 నవంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ గొడవలో 'మా పిల్లలకి ఇంగ్లీషు వద్దనడానికి మీరెవరు' అన్న దళిత బహుజనుల ప్రశ్నకి తెలుగు భాషాభిమానుల దగ్గర నిజాయితీ అయిన జవాబు లేదు. వాళ్ళ పిల్లలంతా కాన్వెంటుల్లోనే చదివారు కదా. ఆ ప్రశ్నతో నాకు పేచీ లేదు. ఇంగ్లీషు కావాలి, బాగా కావాలి. అయితే మూడేళ్ళ పిల్లకి దొరికే ఇంగ్లీషు మన దగ్గర సంభాషణ కాదు, అప్పజెప్పడం. నేర్పేవాళ్ళకే ఆ భాషలో కబుర్లు చెప్పుకునే వీలు లేనప్పుడు పిల్లకి దక్కేది రైమూ, రంగుల పేర్లూ. తన భాషలో వాదించడం వచ్చిన పిల్ల ఇంకో భాషని వాదించడానికే నేర్చుకుంటుంది. ఆ పునాది ఇంట్లో నలుగురు చదువుకున్న వాళ్ళున్న పిల్లకి ఎలాగూ పడుతుంది. మూటలు మోసేవాడి కూతురికి అంగన్‌వాడీలో పడాలి.

మరి ఆ పునాది వేసే చేతులకి ఏమిస్తున్నాం? 1975లో మెట్రిక్ పాసైన కార్యకర్తకి నెలకి 150 రూపాయలు, కాకపోతే 100. ఆయాకి 35. దాన్ని జీతం అనలేదు, 'గౌరవ వేతనం' అన్నారు. సేవ చేసే తల్లికి ఇచ్చే తాంబూలంలాగా. తర్వాత మొత్తం పెరిగింది, పేరు మాత్రం మారలేదు. అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ పోస్టు కాదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత 2022 ఏప్రిల్లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందంది. ఆ తీర్పులో నేను రెండుసార్లు చదివిన చోటు వేరే ఉంది. ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి జరిగేది విద్యే అనీ, బోధన చేస్తున్నది కార్యకర్తలూ సహాయకులూ అనీ కోర్టు రాసింది. సహాయకులు అంటే ఆయాలు. బియ్యం ఏరుతూ చేసే బోధన చట్టం కంటికి ఆనడానికి 47 ఏళ్ళు పట్టింది.

ఆ తీర్పు తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకి దిగారు. జీతాల పెంపు, గ్రాట్యుటీ అమలు వాళ్ళ కోరికల్లో ముఖ్యమైనవి. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా పెట్టింది. అత్యవసర సేవల చట్టం అది. గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసేటప్పుడు అత్యవసర సేవ. 42 రోజులు నడిచిన ఆ సమ్మె శిబిరాల్లో, బళ్ళో పిల్లల ముందు రైమ్ చెప్పడానికే మొహమాటపడే ఆడవాళ్ళు మైకు పట్టుకుని తమ యాసలో గంటలు గంటలు మాట్లాడారు.

2023లో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' అంటూ అంగన్‌వాడీల్లో రోజుకి కనీసం రెండు గంటలు పూర్వ ప్రాథమిక విద్య జరగాలంది. తిండితోపాటు చదువు కూడా. తారాబాయి బోర్డీ ముంగిట్లో మొదలుపెట్టిన మాటే ఇది, ఎనభై ఏళ్ళు తిరిగి వచ్చింది. ఇప్పుడు రిజిస్టర్లతో పాటు సెల్‌ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ కూడా వచ్చింది. సిగ్నల్ అందక గోడెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకున్న టీచర్లని నేను చూశాను. ఆ రెండు గంటలు ఏ పని తగ్గించి ఇస్తారో, పిల్ల చెప్పే మాట వినడానికి చెయ్యి ఆపే వీలు ఎవరికి ఉంటుందో ఆ మార్గదర్శకాలు రాసినవాళ్ళని మనం అడగాలి. అడిగేటప్పుడు ఆయాల్ని కూడా కూర్చోబెట్టుకుని అడగాలి.